శుక్లం ముదిరేదాకా ఆగొద్దు, చెల్లీ

చెల్లీ,

ఈ ఉత్తరం నీ మనవడు చదివి వినిపిస్తాడు. మధ్యలో లేచిపోకుండా విను.

మొన్న మీ ఇంటికి వచ్చినప్పుడు చాయ్ గ్లాసు అందుకోబోతే నీ చెయ్యి పక్కకు పోయింది. ఎవరూ చూడలేదనుకుని కొంగు సర్దుకున్నావు. నేను చూశాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

2018లో సర్కారు కంటి పరీక్షల కార్యక్రమం, అదే కంటివెలుగు వాళ్లు పరీక్ష చేసినప్పుడే శుక్లం మొదలైందన్నారు కదా! అప్పటి నుంచీ 'ముదరనీ' అంటున్నావు. అది మన అమ్మ కాలం నాటి మాట. ఇప్పుడు చూపు పనికి అడ్డం వస్తే చాలు, తీసేస్తారు. మరీ గట్టిపడితే ఆపరేషనే కష్టమవుతుంది. ఎండలు తగ్గాలని చూడక్కర్లేదు, ఏ నెలలోనైనా చేస్తారు. పైగా మసకంతా శుక్లమే కాకపోవచ్చు. కంటి నరం దెబ్బతినే నీటికాసుల జబ్బైతే పోయిన చూపు తిరిగి రాదు. అందుకే ముందు పరీక్ష చేయించుకో.

కంట్లో ఆకు పసరు పోయించుకుంటున్నావట. ఈ రోజే మానెయ్యి. మసకబారేది కంటి లోపలి లెన్సు. పసరు అక్కడిదాకా పోదు, పైన పుండు చేస్తుంది. నల్లగుడ్డు మీద మచ్చ పడితే శుక్లం ఆపరేషన్‌తో అది పోదు.

డబ్బు గురించి టెన్షన్ పడకు. ప్రభుత్వాసుపత్రిలో లెన్సుతో సహా ఉచితం. షుగరు సంగతి దాచకుండా చెప్పు. మత్తు కంటికి మాత్రమే ఇస్తారు, ఆపరేషన్‌కు మామూలుగా అరగంట కూడా పట్టదు. దగ్గు ఉంటే ముందే చెప్పాలి, కదలకూడదు.

అసలు జాగ్రత్త ఇంటికొచ్చాకే. నేను మొదటి కన్ను చేయించుకున్న ఆరో రోజే కట్టెల పొయ్యి ముందు కూర్చున్నాను. పొగకు కన్ను నలిపేశాను. రాత్రంతా ఒకటే పోటు. తెల్లారి పరుగెత్తుకెళ్తే మందులిచ్చి కాపాడారు. ఎర్రబడినా, నొప్పి పెట్టినా, చూపు తగ్గినా ఆ రోజే వెళ్లాలి. చుక్కల మందు వాళ్లు చెప్పినన్ని వారాలూ వెయ్యాలి, వేసే ముందు కోడలు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. బిందెలు ఎత్తకు. డాక్టరు సరేననేదాకా తలస్నానం వద్దు. బియ్యంలో రాళ్లు ఏరడానికి తర్వాత కూడా అద్దాలు కావాలేమో, భయపడకు.

నాకు ఆపరేషనైన ఏడు బతుకమ్మ పేర్చేటప్పుడు గునుగుపూలు చూసి నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎన్నేళ్లుగానో అవి మాసిపోయి పసుపుపచ్చగా కనపడేవి. అంత తెల్లగా ఉంటాయని మరిచేపోయాను.

సోమవారం పొద్దున మొదటి బస్సుకు వస్తాను. ఆధార్ కార్డు, మందుల చీటీలు సంచిలో పెట్టి ఉంచు.

మీ అక్క