మైనారిటీ మహిళలకు వ్యాపారానికి గ్రాంట్ నిజంగా ఇస్తారా? కుట్టు యూనిట్‌కి ఏ లోన్ అడగాలి?

మీరు రాసింది ఇదీ: నిజామాబాద్‌లో చాలా ఏళ్లుగా ఇంట్లోనే మెషిన్ కుడుతున్నారు. ఇప్పుడు నలుగురైదుగురు ఆడవాళ్లను పెట్టుకుని నైటీలు, చుడీదార్లు కుట్టించి షాపులకు వేయాలనుకుంటున్నారు. ముస్లిం మహిళ కాబట్టి 8 లక్షల గ్రాంట్ వస్తుందని ఒకాయన చెప్పాడు, దానికి పది శాతం కమిషన్ అడుగుతున్నాడు. ముందు ఆ ఆయన్ని పంపించేయండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

నేను ఖమ్మం జిల్లాలో కారం, మసాలా పొడుల యూనిట్ నడుపుతున్నాను. మేం క్రిస్టియన్లం. పీఎంఈజీపీ అనే కేంద్ర సబ్సిడీ పథకం కింద బ్యాంకు లోన్ తీసుకుని పెట్టాను, సబ్సిడీ కూడా లోన్‌లో జమైంది. ఇక్కడ రాసేదంతా ఆ తిరుగుళ్లలో తెలుసుకున్నదే.

చేతిలో డబ్బు పెట్టి వ్యాపారం చేసుకోమనే గ్రాంట్ మన దగ్గర దాదాపు లేదు. ఉన్నదంతా సబ్సిడీ. అది బ్యాంకు లోన్ వెనకాలే వస్తుంది. బ్యాంకు లోన్ ఇస్తేనే సబ్సిడీ, లేకపోతే ఎంత మంచి స్కీమ్ అయినా కాగితమే. అందుకే ఏ స్కీమ్ అని వెతికే ముందు ఏ బ్రాంచి నాకు లోన్ ఇస్తుంది అని వెతకండి. చాలామంది దీన్ని తిప్పి చేస్తారు. స్కీముల లిస్టు ఫోన్లో పెట్టుకుని తిరుగుతారు, బ్యాంకు మెట్లెక్కేది మాత్రం ఆఖర్న.

లోన్ లేకుండా ఇచ్చేవి అసలు లేవని కాదు. మన రాష్ట్రంలో 2023లో మైనారిటీలకు లక్ష రూపాయలు పూర్తి సబ్సిడీగా ఇచ్చారు. 2025 మార్చిలో రాజీవ్ యువ వికాసం పథకం ప్రకటించారు. అందులో 50 వేల యూనిట్‌కి నూరు శాతం, లక్ష దాకా 90 శాతం, 2 లక్షల దాకా 80, 4 లక్షల దాకా 70 శాతం సబ్సిడీ అన్నారు. మైనారిటీలైతే మైనారిటీస్ ఫైనాన్స్ కార్పొరేషన్ ద్వారా, ఓబీఎంఎంఎస్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో అప్లై చేయమన్నారు. లక్షల మంది అప్లై చేశారు, జూన్ 2న ఇస్తామన్న మంజూరు పత్రాలు వాయిదా పడ్డాయి. ఇలాంటివి నోటిఫికేషన్ పడితే తప్పకుండా అప్లై చేయండి, వస్తే రెండు మెషిన్లు కలిసొస్తాయి. వడ్డీ లోన్ వద్దనుకునే ఇళ్లలో అయితే ఆ 50 వేల పూర్తి సబ్సిడీ యూనిట్ లాంటిదే దారి, నాకు తెలిసిన ఇద్దరు ముగ్గురు అదే ఎంచుకున్నారు. కానీ అది వస్తుందని షెడ్డు అద్దెకు తీసుకుని కూర్చోవద్దు. ఎప్పుడు ప్రకటిస్తారో, ఎప్పుడు చేతికొస్తుందో మన చేతిలో లేదు.

ఇక మీకు సరిపోయేది పీఎంఈజీపీ అని నా అభిప్రాయం. 2008 నుంచి నడుస్తున్న కేంద్ర పథకం. ఖాదీ కమిషన్ పైన ఉంటుంది, జిల్లాలో పరిశ్రమల కేంద్రం, అదే డీఐసీ వాళ్లు చూస్తారు. తయారీ యూనిట్ అయితే ప్రాజెక్టు ఖర్చు 50 లక్షల దాకా, సర్వీస్ అయితే 20 లక్షల దాకా. మహిళలు, మైనారిటీలు, ఎస్సీ, ఎస్టీ, బీసీలు, దివ్యాంగులు అందరూ ప్రత్యేక కేటగిరీ కిందికి వస్తారు. ఈ కేటగిరీకి పల్లెలో 35 శాతం, టౌన్‌లో 25 శాతం సబ్సిడీ. మన చేతి డబ్బు 5 శాతం చాలు. జనరల్ మగవాళ్లకైతే పల్లెలో 25, టౌన్‌లో 15 శాతం, చేతి డబ్బు 10 శాతం.

ఇక్కడో మాట. మహిళ, పైగా మైనారిటీ అని సబ్సిడీ రెండింతలు రాదు. రెండిట్లో ఒకటి ఉంటే చాలు. నేను మైనారిటీ సర్టిఫికెట్ కోసం ఎమ్మార్వో ఆఫీసుకు వెళ్లబోతుంటే డీఐసీలో ఉన్న మేడమే ఆపింది, ‘ఆడవాళ్లకు అది అక్కర్లేదమ్మా, ఆధార్‌లోనే తెలుస్తుందిగా’ అని. కాబట్టి ‘మైనారిటీ కోటాలో చేయిస్తా’ అని డబ్బులడిగేవాడు లేని తలుపుకి తాళం అమ్ముతున్నట్టు.

లెక్క చెప్తాను, ఇది అర్థమైతే సగం టెన్షన్ పోతుంది. ప్రాజెక్టు 8 లక్షలు అనుకోండి, యూనిట్ పంచాయతీలో పెడుతున్నారు. మీరు 40 వేలు వేస్తారు. బ్యాంకు 7 లక్షల 60 వేలు ఇస్తుంది. సబ్సిడీ 2 లక్షల 80 వేలు కేంద్రం నుంచి బ్యాంకుకు వస్తుంది, మీకు కాదు. ఆ డబ్బు మీ పేరు మీద మూడేళ్లు డిపాజిట్‌లాగా పెట్టి ఉంచుతారు. దాని మీద మీకు వడ్డీ ఇవ్వరు, అంత మేరకు మీ లోన్ మీద వడ్డీ వేయకూడదు. అంటే సబ్సిడీ బ్యాంకుకు చేరిన రోజు నుంచి వడ్డీ 4 లక్షల 80 వేల మీదే పడాలి. స్టేట్‌మెంట్ తీసుకుని చూసుకోండి, అడిగితే తప్ప సరిచేయని బ్రాంచీలున్నాయి. మూడేళ్ల తర్వాత ఒకళ్లొచ్చి యూనిట్ నడుస్తోందో లేదో చూసి వెళ్తారు. నడుస్తుంటే ఆ 2 లక్షల 80 వేలు మీ లోన్‌లోంచి తగ్గించేస్తారు. మధ్యలో మూసేస్తే అది వెనక్కి పోతుంది, మొత్తం లోన్ మీ నెత్తి మీదే.

పైగా లోన్ డబ్బు కూడా చేతికి రాదు. మెషిన్లమ్మే షాపు నుంచి జీఎస్టీ నంబరున్న కొటేషన్ తెస్తే బ్యాంకు నేరుగా ఆ షాపు ఖాతాకే పంపుతుంది. ఏజెంట్లు ఆడే ఆట ఇక్కడే. 5 లక్షల మెషిన్లకు 8 లక్షల కొటేషన్ రాయించి, మిగిలిన 3 లక్షలు షాపువాడి నుంచి నగదుగా తెచ్చి అందులోంచి కమిషన్ పట్టుకుంటారు. మీకు గ్రాంట్ వచ్చినట్టే అనిపిస్తుంది. కిస్తీ మాత్రం 8 లక్షలకు కడుతుంటారు. మా వైపు పేపర్ ప్లేట్ల మెషిన్లు ఇలాగే ఊరికి రెండు చొప్పున వచ్చాయి, చాలా వాటి మీద ఇప్పుడు బట్టలు ఆరేస్తున్నారు. ఆ మొండి బాకీలు చూసి చూసి బ్యాంకు వాళ్లు సబ్సిడీ లోన్ అనగానే ముఖం చిట్లిస్తారు.

నాకూ అదే ఎదురైంది. మొదట వెళ్లిన బ్యాంకు పేరు చెప్పను. మేనేజరు నా ఫైలు తెరవకుండానే మా ఆయన వైపు తిరిగి ‘ఇల్లు ఎవరి పేరు మీదుంది’ అన్నాడు. అప్పటికే 10 లక్షల దాకా చిన్న పరిశ్రమల లోన్లకు తాకట్టు అడగకూడదని ఆర్‌బీఐ రూలుంది. అదే మాట అన్నాను. ఆయన నవ్వి, టార్గెట్ అయిపోయింది, వచ్చే ఏడాది రమ్మన్నాడు. వాదించి లాభం లేదని బయటికొచ్చేశాను. ఇష్టం లేని మేనేజరు రూలు చూపిస్తే లోన్ ఇవ్వడు, ఇంకో రూలు వెతుకుతాడు.

తర్వాత మా డ్వాక్రా గ్రూపు ఖాతా ఉన్న బ్రాంచికి వెళ్లాను. అక్కడ పరిస్థితే వేరు. మా గ్రూపు ఏళ్లుగా కిస్తీ తప్పకుండా కట్టిన రికార్డు వాళ్ల కంప్యూటర్‌లోనే ఉంది. అయినా మేనేజర్ మేడమ్ ఊరికే వదల్లేదు. మా ఆయన నోరు తెరవబోతే ‘మీరు కాదు, ఆవిడ చెప్పాలి’ అంది. మిర్చి క్వింటాల్ ఎంతకు కొంటావు, తొడిమలు తీస్తే ఎంత తరుగు పోతుంది, త్రీ ఫేజ్ కనెక్షన్ పెట్టిస్తే కరెంటు బిల్లు ఎంతొస్తుంది, మిర్చి రేటు పెరిగిన ఏడాది ఏం చేస్తావు, సరుకు ఎవరికి వేస్తావు, ఎన్ని రోజులు అప్పు పెడతావు అని గుచ్చి గుచ్చి అడిగింది. అన్నిటికీ సమాధానం నా దగ్గరుంది, ఎందుకంటే అంతకుముందే ఇంట్లో దంచి, చిన్న గిర్నీలో పట్టించి అమ్మేదాన్ని. భార్య పేరు పెట్టి మొగుళ్లు తీసుకునే లోన్లు ఎన్నో చూసి ఉంటారు కాబట్టి, నిజంగా ఈవిడే నడుపుతుందా అన్నదే వాళ్ల అసలు అనుమానం. ఆ అనుమానం తీరాక మిగతా కాగితాలు వాటంతటవే కదిలాయి.

మిమ్మల్నీ ఇలాగే అడుగుతారు. నైటీకి మీటర్లెంత పడుతుంది, ఒక మనిషి రోజుకు ఎన్ని కుడుతుంది, పీసుకు కూలీ ఎంత, షాపువాడు వెనక్కి పంపిన సరుకు ఏం చేస్తారు. ఇవి రాసి పెట్టుకోండి. సరుకు తీసుకుంటామని రెండు మూడు షాపుల నుంచి లెటర్‌హెడ్ మీద రాయించి ఫైల్లో పెడితే సర్టిఫికెట్లన్నిటి కన్నా అదే ఎక్కువ పని చేస్తుంది.

మీ విషయంలో ప్రత్యేకంగా చూసుకోవాల్సినవి కొన్ని. మీరు షాపుల కోసం రెడీమేడ్ కుట్టిస్తే అది తయారీ. కస్టమర్లు తెచ్చిన గుడ్డ కుట్టిస్తే అది సర్వీస్. ప్రాజెక్టు రిపోర్టులో ఏది రాస్తారన్నది ముఖ్యం, ఎందుకంటే తయారీలో 10 లక్షలు, సర్వీస్‌లో 5 లక్షలు దాటితేనే ఎనిమిదో తరగతి పాస్ సర్టిఫికెట్ అడుగుతారు. చదువు తక్కువని మీరు రాశారు కదా, 8 లక్షల తయారీ యూనిట్‌కి అది అడ్డు కాదు.

ఈ పథకం కొత్త యూనిట్లకే. ఇంటి కుట్టుపని పేరు మీద మీరు ఇప్పటికే ఉద్యమ్ (చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు) రిజిస్ట్రేషన్ చేయించి ఉంటే పాత యూనిట్ అనుకునే అవకాశం ఉంది, ముందే డీఐసీలో చూపించి అడగండి. (ఉద్యమ్ పూర్తిగా ఉచితం. డబ్బులు కట్టమనే వెబ్‌సైటు కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదు.) ఇంట్లో ఒక్కరికే ఇస్తారు. మీ ఆయన ఎప్పుడైనా పీఎంఈజీపీ తీసుకుని ఉంటే మీకు రాదు.

పంచాయతీలో పెడితే 35 శాతం, మున్సిపాలిటీ పరిధిలో 25. 8 లక్షల మీద తేడా 80 వేలు. టౌన్ శివారులో పంచాయతీ ఉంటే చూడండి, కానీ ఈ 80 వేల కోసం దూరం పోవద్దు. కుట్టడానికొచ్చే ఆడవాళ్లు చీకటి పడకముందే ఇల్లు చేరగలగాలి, లేకపోతే నెలలో మానేస్తారు.

పీఎం విశ్వకర్మ గురించి కూడా అడిగారు. 2023 సెప్టెంబరులో మొదలైంది, 18 చేతివృత్తుల్లో దర్జీ పని ఉంది. శిక్షణ, 15 వేల టూల్‌కిట్ వోచర్, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, అది కట్టాక 2 లక్షల లోన్. ఒక్కరే కుట్టుకునేవాళ్లకు చాలా మంచిది. అయితే గత ఐదేళ్లలో పీఎంఈజీపీ తీసుకున్నవాళ్లకు అది రాదు. ముద్ర తీసుకున్నవాళ్లైతే పూర్తిగా కట్టేసి ఉంటే వస్తుంది. కాబట్టి ఏది ముందు అన్నది ఆలోచించుకోండి. మీది నలుగురితో నడిచే ఆలోచన కాబట్టి నేను దీని జోలికి పోవద్దంటాను.

ముద్ర లోన్‌లో సబ్సిడీ లేదు, ఎవరు ఏం చెప్పినా లేదు. తాకట్టు లేకపోవడమే దాని లాభం. 50 వేల దాకా శిశు, 5 లక్షల దాకా కిశోర్, 10 లక్షల దాకా తరుణ్. తరుణ్ సక్రమంగా కట్టినవాళ్లకు 2024 నుంచి 20 లక్షల దాకా ఇస్తున్నారు. స్టాండప్ ఇండియా 10 లక్షల నుంచి మొదలవుతుంది, పైగా దాని గడువు 2025 మార్చితో ముగిసింది, మీకు ఎలాగూ పెద్దది.

ఇది చదివే వాళ్లలో పచ్చళ్లు, పొడులు, అప్పడాలు చేసేవాళ్లుంటే పీఎంఎఫ్‌ఎంఈ అని ఇంకొకటుంది. తిండి సరుకు యూనిట్లకే. 35 శాతం సబ్సిడీ, గరిష్ఠంగా 10 లక్షలు, టౌన్ అయినా పల్లె అయినా ఒకటే, పాత యూనిట్‌ని పెంచుకోవడానికి కూడా ఇస్తారు. చేతి డబ్బు 10 శాతం కావాలి, నేను అటు వెళ్లకపోవడానికి అదే కారణం. ఇందులో బాగున్నదేమిటంటే రిపోర్టు రాసిపెట్టడానికి, బ్యాంకులో మాట్లాడటానికి జిల్లా రిసోర్స్ పర్సన్‌ని ప్రభుత్వమే పెట్టింది. వాళ్లకు డబ్బు ప్రభుత్వం ఇస్తుంది, మనం ఇవ్వక్కర్లేదు.

పీఎంఈజీపీ, పీఎంఎఫ్‌ఎంఈ రెండిటినీ 2025-26 ఆర్థిక సంవత్సరం దాకా మంజూరు చేశారు. మీరు వెళ్లే రోజుకి ఏ రూల్స్ నడుస్తున్నాయో డీఐసీలో అడిగి తెలుసుకున్నాకే అడ్వాన్సులు కట్టండి.

ఇప్పుడు మీరు చేయాల్సిన వరస. ముందు మీ సిబిల్ రిపోర్టు తీసుకోండి, ఏడాదికోసారి ఉచితమే. ఫోన్ ఈఎంఐ బాకీ, ఎవరికో పెట్టిన షూరిటీ, అన్నీ అందులో తేలతాయి. మైక్రోఫైనాన్స్ లోన్లు ఉంటే అవి కూడా. తర్వాత మీ మెప్మా (టౌన్ పొదుపు సంఘాల) గ్రూపు ఖాతా ఉన్న బ్రాంచికి వెళ్లి, ఇలా పెట్టాలనుకుంటున్నాను, అప్లికేషన్ మీ బ్రాంచికే వేయమంటారా అని అడగండి. ఎందుకంటే ఆన్‌లైన్ ఫారంలో బ్రాంచి పేరు మనమే ఎంచుకోవాలి. అప్లికేషన్‌కి ఫీజు లేదు. నమూనా ప్రాజెక్టు రిపోర్టులు ఖాదీ కమిషన్ పోర్టల్‌లోనే ఉన్నాయి, అంకెలు మీవి వేసుకోండి. ఈడీపీ, అంటే వ్యాపారం నడపడం మీద ట్రైనింగ్ అడుగుతారు, ఆన్‌లైన్‌లో చేసుకోవచ్చు. మీ ఇంట్లో ఇంకెవరికైనా పని నేర్పించాలంటే బ్యాంకులు నడిపే ఆర్‌సెటీ అనే శిక్షణ కేంద్రంలో కుట్టు శిక్షణ ఉచితం, భోజనం కూడా వాళ్లదే.

బ్యాంకు నెలల తరబడి ఏమీ తేల్చకపోతే జిల్లా లీడ్ బ్యాంక్ మేనేజరు దగ్గరకు వెళ్లండి, ఫోన్ కాదు, అప్లికేషన్ నంబరు రాసిన కాగితంతో మనిషిగా వెళ్లండి. కలెక్టరు దగ్గర బ్యాంకర్ల మీటింగులో పెండింగ్ లిస్టు చదివేది ఆయనే. నాకు అలా వెళ్లాల్సిన అవసరం రాలేదు గానీ మా గ్రూపులో ఒకామెకు డైరీ ఫాం లోన్ అలాగే కదిలింది.

మీ యూనిట్ పంచాయతీలోనా టౌన్‌లోనా, ఇప్పుడున్న మెషిన్లు ఎన్ని, మీ ఆయన పేరు మీద ఏవైనా సబ్సిడీ లోన్లు ఉన్నాయా అన్నది కింద రాయండి. రిపోర్టులో ముడి సరుకు, కూలీ లెక్క ఎలా వేయాలో నా ఫైలు చూసి చెప్తాను.