పసిపిల్లలకిచ్చే గోలీ లివర్‌ను చెడగొడుతుందా?

ప్రశ్న: మేడమ్, మాది మర్రిగూడ మండలం. మా నాయినది ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ఒళ్లు, నడుము వంగదు. రోజుకు నాలుగు పారాసిటమాల్ 650లు మింగుతడు. ఆర్‌ఎంపీ ఇచ్చిన ఎసిక్లోఫెనాక్–పారాసిటమాల్ గోలీ రెండు పూటలు. వారం నుంచి సర్దీ గోలీ కూడా రెండు పూటలు. సాయంత్రం కల్లు తప్పదు. లివర్ చెడిపోతదంటే, "పసిపిల్లలకిచ్చే మందు నన్నేం చేస్తది" అని కొట్లాడుతున్నడు. ఏం చెప్పాలె?

జవాబు: తమ్ముడూ, ముందు లెక్క చూడు. 650లు నాలుగంటే 2600 మిల్లీగ్రాములు. జంట గోలీలో సాధారణంగా 325 ఉంటుంది, రెండు పూటలకు 650. సర్దీ గోలీలో 500 ఉంటే ఇంకో వెయ్యి. మొత్తం 4250. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకే రోజుకు 4000 దాటకూడదు. మీ నాయిన మూడు మందులనుకుంటున్నడు గాని మూడింట్లోనూ పారాసిటమాల్ ఉంది. నా కౌంటర్ దగ్గర రోజూ ఇదే బాధ. "నాలుగు నొప్పి గోలీలియ్యి అక్కా" అంటారు, అట్ట కత్తిరిస్తే పేరున్న ముక్క షాపులోనే ఉండిపోతుంది.

ఇక మందు సంగతి. పారాసిటమాల్ అణువులో ఆరు కార్బన్ల బెంజీన్ వలయానికి ఒక కొసన ఓహెచ్ (ఆక్సిజన్–హైడ్రోజన్ జంట), సరిగ్గా ఎదుటి కొసన నైట్రోజన్ ఉంటాయి. ఈ అమరిక వల్ల అది ఎలక్ట్రాన్లను తేలిగ్గా వదులుకుంటుంది. నొప్పికి కారణమయ్యే ప్రోస్టాగ్లాండిన్లను చేసే కాక్స్ ఎంజైమ్‌కు ఎలక్ట్రాన్లిచ్చి దాని పని ఆపుతుంది. వాపున్న చోట ఆ ఎంజైమ్‌ను మళ్లీ నడిపించే పెరాక్సైడ్లనే రసాయనాలు ఎక్కువ, అక్కడ దీని బలం చాలదు. మోకాలి వాపు దీనితో తగ్గకపోవడం అందుకే.

నొప్పి తగ్గించే ఆ గుణమే లివర్‌లో ఎదురు తిరుగుతుంది. మింగిన దాంట్లో ఎక్కువ భాగానికి లివర్ ఆ ఓహెచ్ దగ్గరే గ్లూకురోనిక్ ఆమ్లాన్నో సల్ఫేట్‌నో తగిలించి మూత్రంలోకి పంపేస్తుంది. నూటికి ఐదు నుంచి పది వంతులు మాత్రం సీవైపీ2ఈ1 అనే ఎంజైమ్‌కు చిక్కుతాయి. అది ఎలక్ట్రాన్లను లాగేస్తే మిగిలేది ఎన్‌ఏపీక్యూఐ అనే విషం. లివర్‌లోని గ్లూటాథయోన్ దాన్ని పట్టి బయటికి పంపుతుంది. గ్లూటాథయోన్ అయిపోతే ఆ విషం లివర్ కణాల ప్రొటీన్లకే అతుక్కుని వాటిని చంపుతుంది. పసిపిల్లలకు కిలో బరువుకు 10–15 మిల్లీగ్రాముల చొప్పున కొలిచి ఇస్తాం, అంత కొద్ది విషానికి గ్లూటాథయోన్ సరిపోతుంది.

రోజూ కల్లు తాగితే విషాన్ని తయారుచేసే ఆ సీవైపీ2ఈ1 ఎంజైమ్ పెరుగుతుంది. తాగి అన్నం మానేస్తే గ్లూటాథయోన్ తరుగుతుంది. అలాంటివాళ్లను మేం రోజుకు 2000 మిల్లీగ్రాములు దాటనివ్వం.

నొప్పి భరించమని నేననను, ఫ్లోరోసిస్ నొప్పి ఎట్లుంటదో మన జిల్లావాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. సర్దీ గోలీ ఇవాళే ఆపించు. అన్ని అట్టలూ సంచిలో వేసుకుని రేపే నల్లగొండ పెద్దాసుపత్రికి తీసుకుపో, లివర్ పరీక్ష రాయమను. ఏ గోలీ ఉంచాలో, ఎంత వేసుకోవాలో డాక్టరే చెప్పాలి. వాంతులు, కుడి డొక్క నొప్పి, పచ్చ కళ్లు కనిపిస్తే రేపటిదాకా ఆగొద్దు. ఎవరైనా ఒకేసారి గుప్పెడు గోలీలు మింగితే, మొదటి రోజు మామూలుగానే కనిపిస్తారు, నమ్మొద్దు. విరుగుడు మందు ఎన్-ఎసిటైల్‌సిస్టీన్ ఎనిమిది గంటల్లోపు పడితేనే బాగా పనిచేస్తుంది.