తండ్రికి స్కిజోఫ్రీనియా ఉంటే పిల్లలకూ తప్పదా?

మీ నాన్నగారికి స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మానసిక జబ్బు ఉంది కాబట్టి మీకూ తప్పదేమోనని, జన్యు పరీక్ష చేయించుకోవాలా అని అడిగారు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఈ జబ్బు ఉంటే పిల్లల్లో సుమారు 10 శాతం మందికే వస్తుంది. జన్యువులు ఒకటే అయిన ఏకరూప కవలల్లో సైతం, ఒకరికి వచ్చినా కనీసం సగం సందర్భాల్లో రెండవవారికి రాదు.

మిగిలిన భాగం పరిసరాలది. 1944–45 శీతాకాలపు కరవులో నెదర్లాండ్స్‌లో తల్లి కడుపున పడినవారిలో ఈ జబ్బు దాదాపు రెండింతలు కనిపించింది. ఆరు దశాబ్దాల తర్వాత చూస్తే, అదే కరవులో కడుపున పడినవారిలో, శరీర ఎదుగుదలకు తోడ్పడే ఐజీఎఫ్‌2 జన్యువుపై మిథైల్ గుర్తులు (జన్యువుకు అంటుకుని ఉండే చిన్న రసాయన గుర్తులు) వారి తోబుట్టువులకంటే తక్కువగా ఉన్నాయి. అంటే జన్యువు మారకపోయినా దాని పనితీరును నియంత్రించే గుర్తులు మారగలవు (జబ్బుకు ఆ మార్పే కారణమని మాత్రం తేలలేదు).

వేలాది జన్యు భేదాల చిన్న చిన్న ప్రభావాలు కలిసే ఈ జబ్బులో జన్యు పరీక్ష మీకు జవాబివ్వదు, ఆ డబ్బు దండగే. గంజాయి ఈ జబ్బు ముప్పును పెంచుతుంది, దాని జోలికి పోకండి; ఎవరూ లేనిచోట మాటలు వినిపించినా, అకారణ అనుమానాలు వేధించినా వెంటనే మానసిక వైద్యుణ్ణి కలవండి.