సుంకి ఘాట్ ఎక్కాక ఆయిల్ ప్రెషర్ పడిపోతోంది, ఇంజిన్ విప్పాలా?
పాత లారీ సాలూరు నుంచి కోరాపుట్ చేరేసరికి ఐడిలింగ్‌లో (బండి ఆగి ఇంజిన్ నడుస్తున్నప్పుడు) ఆయిల్ ప్రెషర్ ముల్లు పడిపోతోంది, ఆయిలూ తాగుతోందన్నారు. రెండూ ఒకే జబ్బు కానక్కర్లేదు.

ముందు డిప్‌స్టిక్ తీయండి. మట్టం పెరిగి డీజిల్ వాసనొస్తే ఆయిల్ పలచబడినట్టే. అది లేకపోతే, ఆయిల్ ప్రెషర్ సెన్సార్ విప్పి అక్కడ మెకానికల్ గేజ్ బిగించండి. డ్యాష్‌బోర్డు ముల్లును నమ్మలేం. వేడి ఇంజిన్‌కి 1000 ఆర్‌పీఎంకి 10 పీఎస్‌ఐ (ప్రెషర్ కొలత) చొప్పున ఉంటే సుమారుగా ఫర్వాలేదు, కచ్చితమైన లెక్క మాన్యువల్‌లో ఉంటుంది. తగ్గితే ఛాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) దించి స్ట్రైనర్ (ఆయిల్ జల్లెడ), రిలీఫ్ వాల్వ్ (ఎక్కువైన ప్రెషర్ వదిలేది), పంపు చూడండి, ఆ తర్వాతే బేరింగులు. చిక్కటి ఆయిల్ పోస్తే ముల్లు లేస్తుంది గానీ, అరిగిన బేరింగు అరిగినట్టే ఉంటుంది.

ఇక ఆయిల్ తాగడం సంగతి. పొద్దున స్టార్టింగ్‌లో ఒక్కసారి నీలం పొగొచ్చి ఆగితే వాల్వ్ సీళ్లు, గైడ్లు చూడండి. ఘాట్‌లో లోడు మీద వదలకుండా వస్తూ, బ్రీదర్ (ఇంజిన్ లోపలి గాలి బయటికొచ్చే గొట్టం) కూడా ఊదుతుంటే రింగులు, లైనర్లు. టర్బో బండైతే ఇంజిన్ ముట్టుకోకముందే టర్బో నుంచి ఇంజిన్‌కి గాలి వెళ్లే గొట్టం విప్పండి. పల్చటి జిడ్డు మామూలే, మడుగు కట్టి ఉంటే టర్బో సీలు పోయి ఉండొచ్చు.