వదిలిన కొర్రమీను బతుకుతుందా?

ప్రశ్న: నేను ఆదివారాలు మా ఊరి చెరువులో రబ్బరు కప్పను ఎరగా కట్టి కొర్రమీనుకు గాలం వేస్తుంటాను. తినడానికి కాదు, సరదాకే కాబట్టి పట్టిన చేపను వదిలేస్తాను. ఫొటో తీసే మిత్రుడు వచ్చేదాకా దానిని వల సంచిలో వేసి, మూతి బిగించి నీళ్లలో ముంచి ఉంచుతాను. గత నెలలో అలా ఉంచిన రెండు చేపలూ చనిపోయాయి. నీళ్లు లేకపోయినా చాలాసేపు బతికే చేప నీళ్లలో ఎలా చచ్చింది?
– ఒక పాఠకుడు, కరీంనగర్ జిల్లా

జవాబు: మీ చేపలు ఊపిరాడకనే చనిపోయి ఉంటాయి. కొర్రమీనుకు మొప్పలున్నా వాటితో అందే ప్రాణవాయువు దానికి చాలదు. తలలో మొప్పలకు పైన ఉండే గదుల్లోకి గాలి నింపుకోవడానికి అది మాటిమాటికీ నీటిపైకి రావలసిందే. మూతి కట్టిన సంచిని నీటి అడుగుకు దించితే ఆ దారి మూసుకుపోయి, చేప కాస్తా నీళ్లలో మునిగి చస్తుంది. సంచి పైభాగం నీటిపైన తేలేలా కడితే ఈ ప్రమాదం తప్పుతుంది గానీ, అసలు సంచే వద్దని నా సలహా. ఫొటో తీసేవారు పక్కన లేకపోతే ఆ చేపకు ఫొటో లేనట్టే.

బజారులో తడి గోనెపట్టా కింద గంటల తరబడి కదులుతూ కనిపిస్తుంది కాబట్టి కొర్రమీనును ఎలా పట్టుకున్నా ఫరవాలేదని చాలామంది అనుకుంటారు. అయితే గట్టు మీద ప్రాణంతో ఉండటం వేరు, చెరువులోకి వెళ్లాక కోలుకోవడం వేరు. దాని ఒంటిమీది జిగట రోగాలను అడ్డుకునే పొర; పొడి చేతులతోనో తువ్వాలుతోనో పట్టినా, ఎండకు కాలిన రాతికట్ట మీద పొర్లించినా ఆ పొర ఊడిపోయి, తరువాత పుండ్లు, బూజు పట్టవచ్చు. అందువల్ల చేతులు తడుపుకొని, ఒక చేతిని తల వెనుక, రెండవదానిని పొట్ట కింద ఉంచి చేపను అడ్డంగా పట్టుకోండి; దవడ పట్టి నిలువునా వేలాడదీయకండి, మొప్పల్లో వేళ్లు పెట్టకండి. రబ్బరు కప్పకు ఉండే రెండు కొక్కేలకూ లోపలివైపు ఎదురుముల్లు ఉంటుంది. దానిని పట్టకారుతో నొక్కి చదును చేస్తే కొక్కెం గాయం పెంచకుండా క్షణంలో వస్తుంది. దారం వదులు కానివ్వకపోతే చేప జారిపోతుందన్న బెంగ కూడా అంతగా అక్కరలేదు. కొక్కెం గొంతు లోపలికి దిగితే లాగకుండా, అందినంత దగ్గరగా దారం కోసి వదలడమే మంచిది.

వీటన్నిటికన్నా ముఖ్యమైనది మీరు అడగని సంగతి. వానలు పడ్డాక నీటిపైన ఎర్రని చేపపిల్లల గుంపు ఒక్కసారిగా పైకి తేలి, గాలి మింగి, మళ్లీ దిగడం మీరు చూసే ఉంటారు. వాటి కింద తల్లో తండ్రో కాపలా ఉంటుంది. ఆ గుంపు మీదుగా కప్పను లాగితే అది తప్పకుండా కరుస్తుంది, ఆకలితో కాదు, పిల్లల మీదికి వచ్చిన శత్రువనుకొని. దానిని కాసేపు గట్టున ఉంచి వదిలినా, ఆ లోపల కాపలా లేని పిల్లలను పక్కనున్న చేపలు తినేస్తాయి. పిల్లల గుంపు కనబడిన చోట గాలం వేయడం, తరువాత ఎంత జాగ్రత్తగా వదిలినా, నా దృష్టిలో తప్పే.

ప్రశ్న: ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ గాలానికి పడితే దానినీ వదలాలా?
– మరొక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: వదలకూడదు. మన దేశంలో దాని పెంపకమే నిషిద్ధం. చెరువులోని ఇతర చేపలను తిని బతికే ఆ చేపను తిరిగి నీళ్లలో వేస్తే మిగతావాటికి హాని చేసినట్టే. బాధపెట్టకుండా వెంటనే చంపాలి గానీ, గట్టున పడేసి పోవడం క్రూరత్వం, పైగా అది పాకుతూ మళ్లీ నీళ్లు చేరవచ్చు. అయితే మన మార్పు చేప కూడా చూడటానికి దాదాపు అలాగే ఉంటుంది. తేడా తెలియకపోతే, చేపను చంపే ముందు ఆ చెరువు మత్స్యకార సంఘం వారికి చూపించండి. గాలం వేయడానికి ఎలాగూ వారి అనుమతి అడిగే ఉంటారు కదా!