ఒకరి బిల్లులోకి ఇంకొకరి లెక్క ఎలా వస్తుంది?

పైథాన్ సర్వర్‌లో ఒకరి డేటా ఇంకొకరికి కనిపిస్తోంది, రీస్టార్ట్ చేస్తే పోతోంది, ఎందుకని అడిగారు. ముందు ఫంక్షన్ల డిఫాల్ట్ ఆర్గ్యుమెంట్లు, అంటే మనం విలువ ఇవ్వకుండా పిలిస్తే ఫంక్షన్ వాడుకునే విలువలు చూడండి. నల్లగొండలో ఒక బత్తాయి వ్యాపారికి బిల్లింగ్ రాసిచ్చినప్పుడు నాకూ ఇదే తగిలింది. ఒక రైతు బస్తాలు తర్వాతి రైతు బిల్లులోనూ పడ్డాయి. ఆ వ్యాపారి ముఖం చూడాలి!

తప్పు నాదే, డిఫాల్ట్‌గా ఖాళీ లిస్ట్ పెట్టాను. ఫంక్షన్‌ని నిర్వచించే డెఫ్ (def) లైన్ నడిచినప్పుడు ఆ లిస్ట్ ఒక్కసారే తయారవుతుంది, పిలిచిన ప్రతిసారీ కొత్తది రాదు. కాబట్టి ముందు రైతు బస్తాలు అందులోనే ఉండిపోయాయి. పైగా నాలుగు వర్కర్లు, అంటే సర్వర్ పనిని పంచుకునే విడివిడి ప్రాసెస్‌లు ఉంటే నాలుగు వేర్వేరు లిస్టులు. అందుకే తప్పు ఒకసారి కనిపించి, ఇంకోసారి మాయమై రెండు రోజులు తిప్పలు పెట్టింది. బ్రేక్‌పాయింట్ పెట్టి ప్రోగ్రామ్‌ని మధ్యలో ఆపి, లిస్ట్ ఐడీ (పైథాన్ దానికిచ్చే గుర్తింపు నంబర్) చూస్తే రెండు బిల్లులకూ ఒకటే నంబర్, అంటే ఒకటే లిస్ట్.

డిఫాల్ట్‌కి నన్ (None, అంటే విలువేమీ లేదని) ఇచ్చి, లిస్ట్‌ని ఫంక్షన్ లోపల తయారు చేయండి.