మామిడిపండు రుచి చెప్పినందుకు ఇంత ద్వేషమా?

ప్రశ్న: గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం. నేను తిరుపతిలో ఒక ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. పోయిన నెల సామాజిక మాధ్యమంలో మా ఊరివాళ్ల గ్రూపులో ‘కోసుకుని తినడానికి బేనీషా (బంగినపల్లి) మామిడికి సాటి లేదు, తోతాపురి గుజ్జుకే బాగుంటుంది’ అని రాశాను. సాయంత్రానికల్లా వందకు పైగా వ్యాఖ్యలు వచ్చాయి. రైతుల నోట మట్టి కొడుతున్నానన్నారు, నేను అసలు ఈ జిల్లా మనిషినేనా అని అడిగారు, ఐటీ చట్టం 66ఏ సెక్షన్ కింద కేసు పెడతామని ఒకరు బెదిరించారు. ఇంకొకతను నేనుండే వీధి పేరు రాసి, బడి వదిలే వేళకు వచ్చి నా సంగతి తేలుస్తానని, వద్దన్నా వినకుండా మూడు రోజులుగా విడిగా సందేశాలు పంపుతున్నాడు. మా ఆయన అన్నీ చెరిపేసి ఊరుకోమంటున్నారు. నేను క్షమాపణ చెప్పాలా?
– పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకురాలు, తిరుపతి

జవాబు: అమ్మా, ఏ పండు తనకు రుచిగా ఉంటుందో చెప్పినందుకు ఎవరూ ఎవరికీ క్షమాపణ చెప్పనక్కరలేదు. ఆ మాట తరువాత వివరంగా చెబుతాను. ముందు మీ వీధి పేరు రాసినవాడి సంగతి చూడాలి, ఎందుకంటే మీ ఉత్తరంలో నన్ను నిజంగా కలవరపెట్టింది అతనొక్కడే.

దయచేసి ఏదీ చెరపకండి. అతని సందేశాలను తేదీ, సమయం, అతని ఖాతా పేరు కనిపించేలా తెరచిత్రాలు (స్క్రీన్‌షాట్లు) తీసి, ఆ ఖాతా లంకెను కూడా రాసిపెట్టుకోండి. మూల సందేశాలను ఫోనులో అలాగే ఉంచండి. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 351వ సెక్షన్ నేరపూరితమైన బెదిరింపుకూ, 78వ సెక్షన్ ఇష్టం లేదని తెలిపినా స్త్రీని వెంటాడి వేధించడానికీ శిక్ష విధిస్తాయి. ఫిర్యాదును జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఇవ్వవచ్చు, దగ్గరలోని పోలీసు స్టేషన్‌లోనూ ఇవ్వవచ్చు. నేరం తమ పరిధిలో జరగలేదన్న కారణంతో స్టేషన్‌వారు మిమ్మల్ని తిప్పి పంపకూడదు. సైబర్ నేరాల సహాయవాణి 1930 నంబరు ముఖ్యంగా డబ్బు మోసాల కోసం పెట్టింది కనుక మీరు స్టేషన్‌కు వెళ్లడమే మేలని నా అభిప్రాయం. బడి వదిలే వేళ అని అతను రాశాడు కాబట్టి, మీ ప్రధానోపాధ్యాయులకు ఈ రోజే చెప్పండి. మీ ఆయన ఊరుకోమన్నది భయంతోనే తప్ప మీ మీద కోపంతో కాదని మీ ఉత్తరం చదివితే తెలుస్తూనే ఉంది. ఆయనను స్టేషన్‌కు తోడు రమ్మనండి.

ఇక ఆన్‌లైన్‌లో అభ్యంతరకరమైన మాటలు రాస్తే శిక్ష విధించిన ఆ 66ఏ సెక్షన్ గురించి మీరు నిద్ర చెడగొట్టుకోవద్దు. మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో 2012లో ఇద్దరు యువతులను ఒక ఫేస్‌బుక్ వ్యాఖ్య విషయంలో అరెస్టు చేయడంతో దేశమంతటా చర్చ రేగింది. అప్పుడు శ్రేయా సింఘాల్ అనే యువతి వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2015 మార్చి 24న ఆ సెక్షన్‌ను రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. చర్చించడం వేరు, ఒక వాదాన్ని సమర్థించడం వేరు, హింసకు పురికొల్పడం వేరు అని, మొదటి రెండూ ఎంత రుచించకపోయినా వాక్‌స్వాతంత్ర్యంలో భాగమేనని ఆ తీర్పు స్పష్టం చేసింది. బేనీషా బాగుందనడం ఈ మూడింటిలో ఎక్కడికి వస్తుందో మీకు చెప్పనక్కరలేదు.

మీది ఏ జిల్లా అని అడిగినవారికి జవాబు ఇవ్వకండి. వారు మీ మాట చదవలేదు, ముందు వచ్చిన వ్యాఖ్యలు చదివి అదే స్వరం అందుకున్నారు. మీరు రాసే ప్రతి వివరణా వారికి మరో పూట పని కల్పిస్తుంది.

అయితే మీరు జత చేసి పంపిన వ్యాఖ్యలలో బంగారుపాళ్యం వైపు రైతు ఒకాయన రాసిన దానిని మాత్రం ఆ గాటన కట్టలేను. ‘మేడమ్, ఆ ఏడు మా కాయ ఫ్యాక్టరీ గేటు ముందు మూడు రోజులు ట్రాక్టర్‌లోనే మెత్తబడిపోయింది, మీరు రుచి సంగతి మాట్లాడుతున్నారు’ అన్నారాయన. 2025లో తోతాపురి ధర పడిపోయినప్పుడు గుజ్జు పరిశ్రమలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి రైతుకు 12 రూపాయలు దక్కాలని నిర్ణయించినా, ఆ 8 రూపాయలూ సరిగా రాలేదని ఎందరో రైతులు వాపోయారు. గుజ్జు పరిశ్రమను నమ్ముకుని తోతాపురి తోటలు వేసినవారికి ‘గుజ్జుకే’ అన్న మాటలోని ఆ ఏకారం చిన్నచూపుగా వినిపించి ఉంటుంది. అందులో మీ తప్పు లేదు, ఆయన తప్పూ లేదు.

ఆయనకు మీరింకా జవాబు ఇవ్వలేదని రాశారు. నా మాట మన్నిస్తే ఆయన ఒక్కరికి ఇవ్వండి. మీ అభిప్రాయం మార్చుకోనక్కరలేదు. బేనీషా మీద మీ ఇష్టం అలాగే ఉంచి, ఆ ఏడు ఆయన కాయకు చివరికి ఎంత ధర వచ్చిందో, ఈ ఏడు కాపు ఎలా ఉందో అడగండి.